పోగు తెగిన చోట

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో ఎక్కాను. అందరి నోళ్లలో నానే ఉద్యమ పాట మోగుతోంది. మధ్యలో దరువు ఒక్క క్షణం ఆగింది.

"డప్పు కొట్టెటోనికి నిద్రొచ్చినట్టుంది," అన్నాను.

పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "అది డప్పు గాదు తమ్మీ, నా మగ్గం. డప్పాయన రాకపోతే నన్ను నెయ్యమని రికార్డు చేసిండ్రు. గాడ పోగు తెగింది."

సభల్లో జనం పిడికిళ్లు ఎత్తేది సరిగ్గా అక్కడే!

"ఇంకో పాటకు నేస్తవా కాకా?"

"మగ్గం అమ్మేసిన. ఇప్పుడు చీరల దుకాణంల కొలువు. మగ్గం చప్పుడు ఇగ గీ పాటలోనే వినాలె."

ఎల్బీ నగర్‌లో పోలీసులను చూసి డ్రైవర్ పాట ఆపబోయాడు.

"జర ఉండనియ్యి బిడ్డా," అన్నాడాయన.

డ్రైవర్ ఆపేశాడు. పెద్దాయన పాదాలు మాత్రం దిగేదాకా లేని మగ్గాన్ని తొక్కుతూనే ఉన్నాయి.