దువ్వెన పళ్ళ గిటారు

వేంపల్లె మిషన్ బడిలో నేను అయ్యవారిగా ఉన్నప్పుడు, ఆ బడి నడిపే తెల్లదొరసాని ఎండాకాలం కొండలకు పోతూ తన గిటారు నా చేతికిచ్చింది. నాకు నాలుగు పాటలు నేర్పడానికి తప్ప పదేళ్ళుగా దాన్ని పెట్టెలోంచి తీసింది లేదు. "నేను వచ్చేసరికి ఇది ఇలాగే ఉంటే, ప్రతి ఆదివారం గుడిలో నువ్వే వాయించు. దెబ్బ తగిలితే మళ్ళీ పెట్టెలోకే" అంది. గుడిలో గిటారు వాయించడం కంటే పెద్ద కోరిక అప్పట్లో నాకు లేదు.

ఆమె తిరిగొచ్చే వారమే నా బుద్ధి గడ్డి తింది. గిటారును శుభ్రంగా తుడిచి, చెమ్మ ఆరాలని ఎండలో పెట్టి, బువ్వ తిని పడుకున్నాను. వేంపల్లె ఎండ ఊరుకుంటుందా! లేచి చూస్తే, గోళ్ళు గీరుకోకుండా తీగల పక్కన చెక్కకు అతికించే నల్లపలక వంకర తిరిగి, ఒక అంచు పెచ్చులు పెచ్చులుగా విరిగి, ఊడి కింద పడుంది. నా పైప్రాణం పైనే పోయింది.

మర్నాడే కడపకు పరుగెత్తాను. హార్మోనియాలు బాగుచేసేవాడు పలకను చూసి నవ్వాడు.

"ఇది ఈడ యాడ దొరుకుతాదప్పా! మద్రాసుకు పో."

పోయి రావడానికి రోజులెక్కడివి? చివరికి బర్రెకొమ్ముతో దువ్వెనలు చేసే సాయిబు దగ్గర పలక పెట్టి, అచ్చం అట్లాంటిదే కావాలన్నాను.

"శానా సులువు అయ్యవారూ. సాయంత్రం రా."

సాయంత్రం పోతే పలక నున్నగా మెరుస్తోంది. ఒక అంచునిండా మాత్రం పళ్ళు!

"ఇవేంది సాయిబూ?"

"నీ పాతదాని పళ్ళన్నీ ఇరిగిపోయుండాయి గదప్పా. పాపం, ఎన్నేండ్లు దువ్వుకున్నారో! కొత్తవి కోసినా."

వాటిని తీసేయమంటే మొండికేశాడు. "కోసిన చేత్తోనే పీకాల్నా? నాతో కాదప్పా."

గతిలేక దాన్నే అతికించాను. దొరసాని శనివారం రాత్రి దిగి, గిటారును చూడకుండానే పొద్దున వాయించమంది. ఆదివారం గుడిలో చెయ్యి కిందికి జారినప్పుడల్లా 'కర్ర్' మంటోంది. ఆడవాళ్ళు కొంగులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. దొరసాని నవ్వలేదు. ప్రార్థన అయ్యాక నేరుగా నా దగ్గరికి వచ్చి, పళ్ళ మీద వేలు పోనిచ్చి చూసింది.

"పాతది ఏమైంది?"

"ఊడిపోయిందమ్మా."

నా పని అయిపోయిందనుకున్నాను.

"పదేళ్ళు నేను దీన్ని దాచడమే చేశాను. నువ్వు రెండు నెలల్లో పలక ఊడేంతగా సాధన చేశావు. ఇకనుంచి ఇది నీది."

సాధనా! ఎక్కడ పాడవుతుందోనన్న భయంతో నేను పట్టుమని పది రోజులు కూడా దాన్ని ముట్టలేదు. ఎండ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. "మీ దయ అమ్మా" అని గిటారును గట్టిగా పట్టుకున్నాను. ఆమె కన్నుమూసేదాకా ఆ నిజం చెప్పలేదు. గుడిలో నిలబడి చేసిన మోసం కదా, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. గిటారు మాత్రం తిరిగివ్వలేదు.