నాలుగు హద్దుల ప్లీడరు

ఆయన్ని తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుతాను. గూడూరులో ఇల్లు కొంటూ దస్తావేజు రాసే పని ఆ ప్లీడరుగారికి అప్పగించాను. దస్తావేజులో నాలుగు హద్దుల్లో ఉన్నవాళ్ల పేర్లు రాయాలి కదా, వాళ్లందరితో స్వయంగా మాట్లాడందే ఆయన కలం ముట్టరు. తూర్పింట్లో మజ్జిగ, పడమటింట్లో పెళ్లి కబుర్లు. నాలుగో హద్దు చేరేలోపు మొదటి హద్దు చేతులు మారేది. ఒకసారి తూర్పాయన ఇల్లమ్మేశాడు, ఇంకోసారి దక్షిణపు అన్నదమ్ములు వేరుపడ్డారు. రాసింది చించి మళ్లీ మొదలు. ఇంకొన్నాళ్లు ఆగితే సముద్రమే నడిచొచ్చి మా తూర్పు హద్దయ్యేది.

"హద్దు తప్పితే నీ మనవళ్లు కోర్టుల చుట్టూ తిరగాల, తమ్ముడా!"

"మనవళ్ల సంగతి తర్వాతన్నా, నెలాఖరుకి నాకే కొంప లేదు!"

అద్దె ఇంటాయన పెట్టిన గడువు అది. ఆ రోజు రానే వచ్చింది. మా ఆవిడ ట్రంకుపెట్టెలు, పిల్లలు, గేదెతో సహా వెళ్లి ప్లీడరుగారి వాకిట్లో దిగింది.

"రిజిస్ట్రీ అయ్యేదాకా ఈడనే ఉంటామన్నా."

సిగ్గుపడతారనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"బలే పని చేసినావమ్మా! ఇంక తొందరేముంది, నిమ్మళంగా రాసుకుందాం."

సాయంత్రానికి మా గేదె ఆయన భార్య పెంచుకున్న మల్లెపందిరంతా మేసేసింది. మర్నాడు పొద్దున్నే ఆమె గొడుగేసుకొని రిజిస్ట్రారాఫీసుకు ముందు నడిచింది. రాత్రికి రాత్రే రాసి ముగించిన దస్తావేజు పట్టుకొని ఆయన వెనక నడిచారు. మధ్యాహ్నానికి ఇల్లు మాదైంది.

ప్లీడరు ఫీజు తీసుకెళ్లి ఆమె చేతిలోనే పెట్టాను.