కడగని ఫ్లాస్క్

మా ల్యాబ్‌లో సోలార్ సెల్స్‌ని సిరాతో చేస్తాం. రాగి, జింకు, తగరం, గంధకం కలిపి ఫ్లాస్క్‌లో కాస్తే కంటికి కనిపించనంత చిన్న రేణువులు తయారవుతాయి. వాటిని ద్రవంలో కలిపితే నల్లటి సిరా వస్తుంది. దాన్ని గాజు మీద పలచగా పూసి కొలిమిలో కాలిస్తే, ఎండ తగిలినప్పుడు కరెంటు ఇవ్వాలి. చవకైన పద్ధతి. ఇవ్వాలి అన్నాను గాని, చాలాసార్లు ఇవ్వదు.

నా సిరా ఇచ్చింది. ఈ పరాయి దేశం వచ్చి క్లేటన్‌లో పీహెచ్‌డీకి చేరిన రెండో ఏడు, నేను పూసిన నాలుగు గాజు ముక్కలు వరసగా, అంతవరకు మా ల్యాబ్‌లో ఎవరికీ రానంత కరెంటు ఇచ్చాయి. మా ప్రొఫెసర్ ఈ దేశపావిడే. సంతోషించింది. ఇంకొకరి చేత్తో కూడా వస్తేనే పేపరు రాద్దాం, అప్పుడు మొదటి పేరు నీదే అంది. ఆ ఇంకొకరిగా మా సీనియర్‌ని పెట్టింది. వరంగల్ వైపు మనిషి. నేను అన్నా అంటాను.

అన్న నా నోట్‌బుక్ ముందు పెట్టుకుని మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ రాలేదు. గ్రూప్ మీటింగ్‌లో, ఇందులో పద్ధతేమీ లేదు, అంతా ఆ అమ్మాయి చేతి అదృష్టం అన్నాడు. నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ సాయంత్రమే ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టాను, అతను కావాలనే చెడగొడుతున్నాడని. ఆవిడ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. రేపు నువ్వు చెయ్యి, అతను పక్కన నిలబడి చూస్తాడు అంది. అంటే నన్ను అనుమానిస్తున్నట్టా, అతన్నా? అర్థం కాలేదు.

మర్నాడు నేను ఫ్లాస్క్ తీసి కొత్త రసాయనాలు పోయబోతుంటే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగు. ఫ్లాస్క్ కడగవా?”

“కడిగాను కదన్నా.”

“అడుగున నల్లగ గట్లనే ఉంది. పెరుగుకు తోడేసినట్టు పాత సిరా ఉంచుతున్నవేంది?”

అది నాకు ఎంత అలవాటైపోయిందంటే, చేస్తున్నానని కూడా తెలియడం లేదు. ఎందుకు మొదలుపెట్టానో మాత్రం బాగా తెలుసు.

“నేను చేరిన వారమే, ఫ్లాస్క్ కడిగే సాల్వెంట్‌ని నీళ్లలా పారబోస్తున్నావని అందరి ముందూ అన్నారు మీరు. ఆరోజు నుంచి ఒక్కసారే కడుగుతున్నా.”

“నేనన్ననా? యాదికి లేదు.”

“నాకుంది.”

అన్న నవ్వలేదు. “నోట్‌బుక్‌ల క్లీన్ ఫ్లాస్క్ అని రాసినవ్. నేను అద్దం లెక్క కడిగి మరీ చేసిన” అన్నాడు.

ఆ వారం అతను కూడా అడుగున కాస్త పాత సిరా ఉంచి చేశాడు. కరెంటు వచ్చింది. పాత రేణువుల మీద కొత్తవి పెరుగుతున్నాయి కాబోలు అన్నారు ల్యాబ్‌లో.

అంటే అతను చెడగొట్టలేదు. నేనే తప్పు రాశాను. కాని ఆ తప్పు అతని మాట వల్ల. మరి ఫలితం కూడా అతని మాట వల్లేనా? అలా అనుకుంటే మొదటి పేరు ఎవరిదవ్వాలి? రెండు రోజులు దీన్ని ఎటు తిప్పినా తెగలేదు.

ప్రొఫెసర్ తేల్చింది. నోట్‌బుక్‌లో తప్పును గీత కొట్టి, నిజం రాసి, చూసినవాళ్లతో సాక్షి సంతకం పెట్టిస్తే మొదటి పేరు నీకే ఉంటుంది అంది. చూసినవాడు అతనొక్కడే. ఆ మెయిల్ వెనక్కి తీసుకుంటావా అని కూడా అడిగింది. చెడగొట్టాడన్న మాట వెనక్కి తీసుకుంటాను, నాది చేతి అదృష్టమని అతనన్నది మాత్రం అన్నదే అని చెప్పాను. ఆవిడ తలూపింది. దేనికి ఊపిందో తెలియదు.

క్లీన్ ఫ్లాస్క్ అనే మాట మీద గీత గీశాను. పాత సిరా అడుగున మిగిల్చానని రాశాను. సాల్వెంట్ వృథా చేస్తున్నానని సీనియర్ అన్నందువల్ల, అని కూడా చేర్చాను. అలాంటివి నోట్‌బుక్‌లో రాయరు. రాశాను.

అన్న మొత్తం చదివాడు. చివరి వాక్యం దగ్గర ఆగి, మళ్లీ చదివాడు. సంతకం పెట్టి పెన్ను నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆ మాట అన్నానని ఒప్పుకున్నట్టో, ఫ్లాస్క్‌కి మాత్రమే సాక్ష్యమో, నేను అడగలేదు.