ఫోన్లో ఏసీని విన్న వదిన

మా వదిన స్క్రూడ్రైవరు పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. నిచ్చెన ఎక్కగా అసలే చూడలేదు. అయినా మా షాపులో ఏసీల సంగతి బాగా తెలిసిన మనిషి ఎవరని అడిగితే, పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్న నేను ఆమె కుర్చీ వైపే వేలు చూపిస్తాను.

వదిన మా అన్న భార్య. అన్న స్కూలు బస్సు నడుపుతాడు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక పగలంతా ఇంట్లో గోడలతో మాట్లాడలేక, నేను పనిచేసే ఏసీ రిపేరు షాపులో ఫోన్లు ఎత్తడానికి మనిషి కావాలంటే వచ్చి చేరింది. చూడబోతే చిన్న పనే. ఫోనెత్తాలి, చిరునామా రాసుకోవాలి, ఫిర్యాదు ఏమిటో చీటీ మీద రాసి మాకివ్వాలి. "నోరు మంచిదైతే చాలమ్మా, బుర్ర సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు యజమాని మొదటి రోజే.

 మర్నాడు వదిన ఒక పొడుగాటి నోటు పుస్తకం తెచ్చుకుంది. ఎడమ పేజీలో ఫిర్యాదు రాసేది. సాయంత్రం మేం దుమ్ము కొట్టుకుపోయి తిరిగొస్తే, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి అడిగేది: "పొద్దున పంపిన ఇంట్లో ఏమైంది? చివరికి ఏం తేలింది?" మాకు విసుగ్గా ఉండేది. "పరీక్ష పెట్టేస్తోందిరా హెడ్‌మాస్టరమ్మ" అని నవ్వుకునేవాళ్లం. ఆమె మాత్రం మేం చెప్పింది కుడి పేజీలో రాసుకునేది.

ఆరు నెలలు తిరిగాయి. ఒకరోజు ఆ పుస్తకం నా ముందు పెట్టింది.

"చూడు మరిదీ. ఎడమ పేజీ నిండా ఒకటే పాట, గ్యాస్ అయిపోయింది, గ్యాస్ అయిపోయింది. కుడి పేజీలో చూస్తే పదింటికి ఒకటి కూడా గ్యాస్ కాదు. కడుపునొప్పి అన్నవాళ్లందరికీ ఆపరేషనే అన్నట్టుంది."

అప్పటినుంచి ఆమె ఫోన్లోనే ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. లోపలి దుమ్ము జాలీ కడిగి ఎన్నాళ్లయింది? బయట పెట్టెలో ఫ్యాను తిరుగుతోందా? గొట్టం మీద మంచు కట్టిందా? ఒక తాతగారు రెండు రోజులుగా వేడిగాలే వస్తోందని కేకలు వేశాడు.

"తాతగారూ, రిమోట్ మీద మంచుపువ్వు బొమ్మ ఉందా, ఫ్యాను బొమ్మ ఉందా?"

"ఫ్యానే ఉందమ్మా."

"మోడ్ అని రాసిన మీట ఉంటుంది చూడండి. మంచుపువ్వు వచ్చేదాకా నొక్కుతూ ఉండండి."

ఆయన నొక్కుతూ పోయాడు. తర్వాత మా అందరికీ వినపడేలా, "ప్రాణం లేచొచ్చిందమ్మా!" అన్నాడాయన.

మా యజమాని ముఖం మాత్రం మాడిపోయింది. "ఏమమ్మా, ఫోన్లోనే అన్నీ బాగుచేసేస్తే మా మెకానిక్కులు ఈగలు తోలుకోవాలా?"

"సార్, మీట నొక్కడానికి మనిషిని పంపి చార్జీ అడిగితే ఆయన ఇంకోసారి మన గుమ్మం తొక్కడు. ఇవాళ నమ్మకం కుదిరింది. రేపు నిజంగా పాడైతే మననే పిలుస్తాడు."

ఆయన సణుక్కుంటూ లోపలికెళ్లాడు. మా వాళ్లు ఆమెకి 'ఫోన్ డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరు వెటకారానికి పెట్టిందేనని ఒప్పుకోవాలి. నేనూ ఆ పేరుతో ఏడిపించాను.

ఆ వేసవిలో ఒకావిడ దగ్గర్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. వాటి మీద క్రీముతో పూలు అద్దే గది చల్లగా ఉండాలి. రెండు వారాలుగా ఏసీ చల్లబరచడం లేదట. మొదట మా సీనియరు వెళ్లాడు. జాలీలు కడిగి, బయటి పెట్టెకి నీళ్లు కొట్టి శుభ్రం చేశాడు. గది వణికించేలా చల్లబడింది. మర్నాడు మళ్లీ ఫోను. ఇంకొకతను వెళ్లి గ్యాసు సరిచూశాడు. బాగానే ఉందన్నాడు. మళ్లీ ఫోను. మూడోసారి నేను వెళ్లాను. కెపాసిటర్ మార్చాను, తీగలు బిగించాను, అరగంట కూర్చుని చూశాను. మంచులా ఉంది గది. కాలరెగరేసుకుంటూ వచ్చాను.

ఆ మర్నాడు మూడింటికి ఆవిడ దాదాపు ఏడుస్తూ ఫోన్ చేసింది. సాయంత్రం ఇవ్వాల్సిన మూడంతస్తుల కేకు మీద గులాబీలన్నీ తలలు వాల్చేశాయట.

"కంప్రెసర్ ముసలిదైపోయింది. కొత్త ఏసీ కొనుక్కోమని చెప్పెయ్యమ్మా" అని తేల్చాడు సీనియరు. యజమాని తలూపాడు. నేనూ ఊపాను. నేను చేసిన పని తప్పని ఒప్పుకోవడం కన్నా మిషను ముసలిదనడం తేలిక కదా.

వదిన ఆ మాట ఆవిడకి చెప్పలేదు. "అమ్మా, గులాబీలు రోజూ ఏ వేళకి వాలిపోతాయి?" అని అడిగింది.

మాకు నవ్వొచ్చింది.

"మూడు, మూడున్నర. పొద్దున చేసినవి నిటారుగా నిలబడతాయండీ" అంది ఆవిడ.

"మా వాళ్లు ఎప్పుడొచ్చారు?"

"ముగ్గురూ పదిలోపే వచ్చారు. మధ్యాహ్నం పనిలో ఉంటాను, గదిలోకి ఎవరినీ రానివ్వను, నేనే పొద్దున రమ్మన్నాను."

"బయటి పెట్టె మీకు కనిపిస్తుందా?"

"కనపడదండీ. కిటికీ బయట కింద గోడకుంది. ఎండ రాకుండా తెర వేసేస్తాను."

"ఒక్క పది నిమిషాలు ఫోను ఆ కిటికీకి ఆనించి పెట్టండి. మాట్లాడక్కర్లేదు."

వదిన ఒక చెవికి ఫోను ఆనించి, రెండో చెవిలో వేలు పెట్టుకుంది. మమ్మల్ని నోరు మూసుకోమని సైగ చేసింది. ఇంతలో రెండో ఫోను మోగింది. ఎత్తేవాళ్లు లేక యజమానే పరుగెత్తుకొచ్చి ఎత్తి, గుసగుసగా మాట్లాడాల్సి వచ్చింది. వదిన గోడ గడియారం చూస్తూ పుస్తకంలో ఏదో రాస్తోంది. పది నిమిషాలు పదిహేనయ్యాయి. చివరికి ఫోను పెట్టేసింది.

"రెండు చప్పుళ్లున్నాయి. ఫ్యానుది ఆగకుండా వస్తోంది. దాని కింద బరువుగా మూలుగు, అది కంప్రెసరే కదా? నాలుగు నిమిషాలు మూలిగి టక్కుమని ఆగిపోయింది. ఏడు నిమిషాలు లేదు. మళ్లీ మొదలైంది, మళ్లీ టక్కుమంది. ముసలిదైతే పొద్దున కూడా ఇలాగే ఆగిపోవాలి కదా మరిదీ? దానికి మధ్యాహ్నం ఊపిరాడటం లేదు."

సీనియరు పెదవి విరిచాడు. "అక్కడ అడ్డం ఏమీ లేదమ్మా. ముగ్గురం మా కళ్లతో చూశాం."

"పొద్దున చూశారు" అంది వదిన. తర్వాత నా వైపు తిరిగింది. "రేపు మూడింటికి వెళ్లు. పనిముట్ల సంచి కింద పెట్టు. దేన్నీ ముట్టుకోకు, దేన్నీ పక్కకి జరపకు. చేతులు కట్టుకుని చూడు, అంతే."

పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాణ్ని చేతులు కట్టుకుని నిలబడమంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. కానీ వదిన మాట తీసేస్తే రాత్రి భోజనం దగ్గర అన్న ముఖం చూడాలి. వెళ్లాను.

మర్నాడు సరిగ్గా మూడింటికి ఆ ఇంటి వెనక సందులోకి వెళ్లి తల పైకెత్తాను. అక్కడే నిలబడిపోయాను.

పై అంతస్తు పిట్టగోడ మీంచి నీళ్లోడుతున్న మందపాటి బొంత ఒకటి వేలాడుతోంది. దాని కింది సగం మా ఏసీ పెట్టె మొహాన్ని నిండుగా కప్పేసింది. పెట్టె వదిలిన వేడిగాలి బొంతకి కొట్టుకుని తిరిగి దాని ముక్కులోకే పోతోంది. మనిషిని ముసుగేసి పరుగెత్తమన్నట్టుంది. నేను చూస్తుండగానే ఆ మూలుగు పెరిగి, టక్కుమని ఆగింది. నాలుగు నిమిషాలే.

పెట్టె మీద తెల్లటి చారలున్నాయి, సబ్బు నీళ్లు కారి ఎండిన గుర్తులు. అప్పుడు సిగ్గేసింది నాకు. మొన్న వచ్చినప్పుడు ఆ చారలు చూశాను. పావురాల పని అనుకుని గుడ్డతో తుడిచేశాను.

వదినకి ఫోన్ చేశాను. "బొంత వదినా! పైవాళ్ల బొంత!"

అవతల ఆమె, "తడిదా, పొడిదా?" అంది. "తడిదైతే ఇప్పుడిప్పుడే వేసుంటారు. పైకెళ్లి నెమ్మదిగా అడుగు. ఇరవై రోజుల నుంచే కదా, రోజూ బొంత ఉతుకుతున్నారంటే పసిబిడ్డేమో. గొడవ పెట్టుకోకు."

పసిబిడ్డే. పైఇంట్లో కూతురు ఇరవై రోజుల బిడ్డతో ఉంది. తలుపు తీసిన అమ్మమ్మ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మా పిట్టగోడ మీద మేం ఆరేసుకోవడానికి కూడా నీ పర్మిషనా నాయనా?"

వదిన ఇంకా లైన్లోనే ఉంది, ఫోను అమ్మమ్మ చేతికిచ్చాను. అటునుంచి వదిన ఏమందో నాకు తెలియదు. ముందు బిడ్డకి నిద్ర పడుతోందా అని అడిగినట్టుంది. అమ్మమ్మ గొంతు మెల్లగా దిగింది. పది నిమిషాలు కబుర్లు నడిచాయి. చివరికి, "అలాగేనమ్మా, తాడుంటే ఆ పక్కన కట్టించేయ్, నాకేం?" అంటూ ఫోను తిరిగిచ్చింది.

సంచి విప్పాను. డ్రిల్లు తీసి పక్క గోడకి రెండు కొక్కేలు కొట్టి, గట్టి తాడు కట్టి, బొంత దాని మీద ఆరేశాను. పావుగంటలో కింద గది చల్లబడింది. కేకులావిడ ఐదింటిదాకా నన్ను కదలనివ్వలేదు. గులాబీలు చెక్కుచెదరలేదు. ఆవిడ పైఇంటికో కేకు, మా షాపుకో కేకు పంపింది. షాపు కేకు మీద క్రీముతో చిన్న టెలిఫోను వేసి ఉంది.

సర్వీసు చీటీలో ఇలా రాశాను: 'లోపం: పైఇంటి బొంత. చేసిన పని: తాడు కట్టడం.' యజమాని అది చదివి ముందు కళ్లజోడు తుడుచుకున్నాడు, తర్వాత కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక లేచి, అందరి ముందూ వదిన బల్ల దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, మొదటి రోజు నేనో మాటన్నాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను."

"ఏ మాట సార్?" అంది వదిన, ఏమీ తెలియనట్టు.

"బుర్ర సంగతి" అన్నాడాయన.

 మర్నాడు సీనియరు బయటికి వెళ్లేముందు తన చీటీలు తీసుకెళ్లి వదిన ముందు పెట్టి, "వీటిలో ఏది ముందు చూడమంటారు?" అని అడిగాడు. 'అమ్మా' నుంచి 'మీరు'కి ఎక్కడం ఆయన లెక్కలో చాలా దూరం.

ఇప్పుడు మా షాపులో కొత్తగా చేరిన మెకానిక్ ఎవరైనా సరే, మొదటి వారం పనిముట్లు ముట్టుకోడు. వదిన పక్కన కూర్చుని ఫోన్లు వింటాడు. వాళ్లకి నేర్పడానికి యజమాని ఒక పాత ఏసీ విప్పించి బల్ల మీద పరిపించాడు. ఆ రోజు వదిన కుర్చీలోంచి లేచి వచ్చి, కంప్రెసర్‌ని జీవితంలో మొదటిసారి చేత్తో ముట్టుకుంది.

"ఇదా! ఇన్నాళ్లూ గొంతు విని ఇంకాస్త అందంగా ఉంటుందనుకున్నాను" అంది.

కొత్తవాళ్లలో ఒకడు నా చెవిలో అడిగాడు, ఈవిడ ఏం చదువుకున్నారని. పదో తరగతి అని చెబుదామనుకున్నాను. కానీ గర్వంగా ఆమె వైపు వేలు చూపించి, "మా వదిన" అని మాత్రమే అన్నాను.