శాంపిల్ లేసుకి కత్తెర

నిన్న అమలాపురం కొట్లో లేసు బల్లగుడ్డ చూడగానే ఒళ్లు మండింది. డెబ్బైల్లో రాజోలు వైపు మన అమ్మలంతా లేసు అల్లేవారు, గుర్తుందా?

మా అమ్మ కళ్లు గుంజేలా అల్లిన బల్లగుడ్డని మద్రాసు షావుకారుకి చూపించాలని, చార్జీ తక్కువని, శాంపిల్ పోస్టులో పంపబోయింది. పోస్టాఫీసు గుమస్తా పొట్లం విప్పించాడు.

"అమ్ముకునేలా ఉంటే శాంపిల్ కాదండి. రూలండి!" అంటూ నడిమి పువ్వుని కత్తెరతో రెండుగా కోసేశాడు.

"అమ్ముకుందామనే కదండీ పంపేది!" అంది అమ్మ.

"ఆయ్, రూలండి."

ఏం రూలర్రా అది! చిరుగుల సరుకు వద్దని షావుకారు తిప్పి పంపేశాడు.

ఆ గుడ్డని అమ్మ రేడియో మీద పరిచి, కోత కనబడకుండా పూలకూజా పెట్టింది. బతికినన్నాళ్లూ ఆ కూజాని ఎవరినీ కదపనివ్వలేదు.