ఎడమ చేతిలో జంతికలు

పుట్టేటప్పుడే నా కుడిచేతి నరం దెబ్బతింది. అందుకని ఆ చెయ్యి ఎడమదానికంటే పొట్టిగా, సన్నగా ఉండిపోయింది. ఎవరేమిచ్చినా ఎడమ చేత్తోనే తీసుకోవాలి. "ఎడం చెయ్యి చాపుతావేంటే, మర్యాద లేదా?" అని చిన్నప్పటినుంచీ తిట్లే. అందుకే కొత్తవాళ్ళు ఏం పెట్టినా ఆకలి లేదని చెప్పేదాన్ని.

పోయిన చలికాలం, ఇక్కడ విదేశంలో, మిల్టన్ నుంచి సిటీకెళ్ళే రైల్లో ఒక పెద్దావిడ నా ఎదురుగా కూర్చుంది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పలకరించింది. కాసేపటికి డబ్బా మూత తీసి, గుప్పెడు జంతికలు నా వైపు చాపింది.

"తీసుకోమ్మా, జంతికలు. మా మనవలకని చేశాను."

పొద్దుటినుంచీ నేనేమీ తినలేదు. వాము వాసనకి ఆగలేక ఎడమ చెయ్యి చాపేశాను. ఆవిడ నా చెయ్యి వైపు చూసింది.

"సారీ ఆంటీ, కుడిచెయ్యి అంతవరకూ రాదు" అని కోటు స్లీవు పైకి లాగి చూపించాను.

ఆవిడ ఏమైందని అడగలేదు. తన కుడిచేతిలో ఉన్న జంతికల్ని ఎడమ చేతిలోకి మార్చుకుని, నా ఎడమ చేతిలో పెట్టింది.

"ఏ చెయ్యైతే ఏంటమ్మా, కొరకడానికి పళ్ళుండాలి గానీ. నాకవే లేవు!" అని బోసినోటితో నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. నేను దిగాల్సిన యూనియన్ స్టేషన్ వచ్చేదాకా కరకరమని తింటూనే ఉన్నాను.

ఆవిడ పేరు అడగడం మర్చిపోయాను. మొన్న చర్చిలో కేకు పంచుతుంటే ఎడమ చెయ్యి చాపాను. సారీ చెప్పలేదు. బాగుందని రెండో ముక్క కూడా అడిగాను.