పరీక్షలయ్యేదాకా పాత కంపైలరే

నాచారంలో ఒక ఫ్యాక్టరీ వెనక సందులో, మేడమీద మా ఆఫీసు. ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల కంప్యూటర్లకు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం సిద్ధం చేసి ఇచ్చేవాళ్లం. అందులో నా పని ‘వద్దు’ అనడం. ‘స్టేబుల్’ అని పేరు పెట్టి ఇచ్చాక నిన్న నడిచింది రేపూ నడవాలి. ఎవరు కొత్తది తెచ్చినా ముందు మొహం చిట్లించేవాణ్ణి. అదొక సుఖం.

నా పక్క కుర్చీ ఇంజినీరుది జనగామ. చెల్లెలితో కలిసి ఉప్పల్‌లో ఉండేవాడు. మనం రాసిన ప్రోగ్రాంను మెషీన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌కు కొత్త వెర్షన్ రావడంతో అతనికి కాలు నిలవలేదు.

“అన్నా, మస్తు ఫాస్టున్నది. మన ప్రోగ్రాంలన్ని దీంతోని నడిపి సూసిన, ఒక్కటి గూడ ఆగలే. సోమవారం కాలేజీకి పంపుదాం.”

“ఏం తొందర తమ్మి? పాతది నిన్నేమన్న తిట్టిందా?”

“నువ్వు ప్యాంటు చినిగేదాక కొత్తది కొనవన్నా.”

నిజమే కాబట్టి కోపం వచ్చింది. కానీ అతను పట్టు వదలకుండా పరీక్షించిన తీరు చూసి మెత్తబడి, సరే అన్నాను.

అతని చెల్లెలు చదివేది ఆ కాలేజీలోనే. ల్యాబ్ పరీక్షకు ప్రాక్టీసు చేసుకుందామని శనివారం మా ఆఫీసుకు వచ్చింది. ల్యాబ్ మాన్యువల్లోని ప్రోగ్రాంలను చివరి బ్రాకెట్ దాకా బట్టీ పట్టడం ఆ కాలేజీ ఆచారం. గబగబా ఒకటి టైపు చేసి కొత్త కంపైలర్‌కు ఇచ్చింది. మొదటి లైనుకే ఎర్రర్. ఇంకోటి రాసింది. అదీ అంతే.

“మొన్న ల్యాబుల నడిచింది గదన్నా, ఇయ్యాల ఏమైంది?” అని అన్న వైపు తిరిగింది.

విషయం చిన్నదే. మొదటి లైను చివర పాతకాలపు ‘డాట్ హెచ్’ తోకను కొత్త కంపైలర్ ఒప్పుకోదు. మా ప్రోగ్రాంలలో ఆ తోక ఎప్పుడో తీసేశాం కాబట్టి మాకు తెలియలేదు.

“తోక తీసేసి ఇంకో లైను వెట్టు, అయిపోతది,” అన్నాడు వాళ్లన్న.

“నాకు జెప్తివి. బుధవారం పరీక్ష. మా క్లాసోళ్లందరికి ఎవరు జెప్తరు? బయటినుంచొచ్చే సారు మాన్యువల్ ముంగట వెట్టుకొని మార్కులేస్తడు.”

అతను తనే లేచి, కాలేజీకి పంపాల్సిన కొత్త కంపైలర్ సీడీలను బీరువాలో పెట్టేశాడు. నేను లోలోపల ఎగిరి గంతేశాను. పైకి మాత్రం టీ తెప్పించాను.

పరీక్ష బాగా రాసి ఆ అమ్మాయి మిర్చీలు పట్టుకొచ్చింది. కొత్తది పంపేముందు వచ్చే బ్యాచ్ పరీక్షలు కూడా కానిద్దాం అన్నాను, నోట్లో మిర్చితోనే.

“గట్లయితే ఎప్పటికి ఎవరిదో ఒకరి పరీక్ష ఉంటనే ఉంటదన్నా. సెలవుల్ల పంపున్రి. గంతలోపల మాన్యువల్ మార్పియ్యమని మా ల్యాబ్ సారు ఎంబడి నేను వడ్త.”

ఆమె అన్నట్టే వెంటపడింది, మాన్యువల్ మారింది. సెలవుల్లో కొత్త కంపైలర్ వెళ్లింది.

కాలేజీ తెరిచిన రోజు ఏ ఫిర్యాదు వస్తుందోనని మేమిద్దరం ఫోన్ పక్కనే కూర్చున్నాం. సాయంత్రం దాకా అది మోగలేదు.

“కొత్తదొచ్చిన సంగతే ఎవ్వరికి తెల్వనట్టుందన్నా,” అన్నాడతను దిగాలుగా.

ఈ పనిలో అంతకు మించిన మెచ్చుకోలు లేదని చెబితే నమ్మలేదు. చెల్లెలికి ఫోన్ చేసి, నీకైనా తెలిసిందా అని అడిగాడు.